విల్లు బిగువా, బాణం పొందికా? బెజవాడ ఆర్చరీలో తెగని వాదం

ఆర్చరీ నేర్పే మైదానంలో రెండు ప్రశ్నలకు ఇప్పటికీ అందరూ ఒకే జవాబు చెప్పరు. పిల్లవాడి చేతికి ఎన్ని పౌండ్ల విల్లు ఇవ్వాలి? ఆ విల్లుకు కంపెనీ కూర్చిన బాణాలను ఉన్నవున్నట్టు వాడాలా, మనమే కోసి, తూచి, అతికించి, పరీక్షించి కూర్చుకోవాలా? చూడడానికి మొదటిది ఒంటికి సంబంధించినది, రెండోది సామానుకు సంబంధించినది. కానీ ఒకదాన్ని పక్కనబెట్టి రెండోదాన్ని తేల్చలేం. విల్లు బిగువు మారితే బాణం మార్చాలి. బాణం బరువు మారితే అదే విల్లు మరోలా కొడుతుంది. విజయవాడ నుంచి వరుసగా అంతర్జాతీయ ఆర్చర్లు వచ్చాక ఈ వాదంలోకి కోచ్‌లతో పాటు తల్లిదండ్రులూ దిగారు. సామాను అమ్మేవాళ్లు ఎలాగూ ఉన్నారు. ఎవరి అనుభవం వాళ్లది కావడంతో చిక్కుముడి మరింత బిగిసింది. దాన్ని ఒక్కో పోగుగా విడదీసి చూడడం ఈ వ్యాసం పని.

తూటా దగ్గర మూసుకున్న దారి

ఈ వాదానికి తుపాకీ లోకంలో ఒక జోడీ ఉంది. అమెరికాలో 1873 నాటి వించెస్టర్ లాంటి పాతకాలపు లివర్-యాక్షన్ రైఫిళ్లతో గురి పోటీలాడే వాళ్లున్నారు. అడుగున ఉన్న పిడిని కిందికీ పైకీ ఆడిస్తే తరవాతి తూటా లోపలికి వచ్చే రకం అది. వాళ్లలో చాలామంది తూటాలను ఇంట్లోనే నింపుకుంటారు. కంపెనీ తూటా బలం వాళ్లకు అక్కర్లేదు. గురి పలక మీద కొట్టడానికి మెత్తని దెబ్బ చాలు. భుజం అదరదు, పాత ఇనుము అరగదు, ఖర్చు తగ్గుతుంది. మరీ మెత్తబరిస్తే దూరాన గుండ్లు చెదురుతాయన్న ఎదురువాదమూ అంతే పాతది.

మన దేశంలో ఆ దారి మామూలు షూటర్‌కు లేదు. 1959 నాటి ఆయుధాల చట్టం తూటానే కాక తూటా భాగాలను కూడా మందుగుండు కిందే లెక్కగడుతుంది. 5వ సెక్షన్ ప్రకారం తయారీకి ప్రత్యేక లైసెన్సు కావాలి. 2019 సవరణ తరవాత, లైసెన్సు లేని తయారీకి కనీస శిక్ష ఏడేళ్లు. క్రీడాకారులకు ఏడాదికి కొనుక్కోదగిన తూటాల పరిమితిని 2020లో కేంద్రం పెంచింది గానీ అది కొనుగోలు మాట, తయారీ మాట కాదు. పది మీటర్ల ఎయిర్ పిస్టల్, ఎయిర్ రైఫిల్ ఆడేవాళ్లకు 2016 నిబంధనలు కొంత వెసులుబాటు ఇచ్చాయి. 4.5 మిల్లీమీటర్ల లోపు గొట్టం, 20 జౌళ్లకు తక్కువ శక్తి అయితే లైసెన్సు అక్కర్లేదు. అక్కడ కూడా ఆటగాడు చేయగలిగింది ఒక్కటే: నాలుగు రకాల పెల్లెట్ డబ్బాలు తెచ్చి, తన గొట్టానికి ఏది నప్పుతుందో కొట్టి చూసుకోవడం.

అంటే గురి క్రీడల్లో తన ప్రక్షేపకాన్ని తానే కూర్చుకునే వీలు ఇక్కడ మిగిలింది ఆర్చర్‌కే. ఆ పనిలోని కొలతలు కూడా తుపాకీవాళ్లవే. బాణాన్ని తూచేది గ్రెయిన్లలో. గ్రాముకు సుమారు 15.4 గ్రెయిన్లు. విల్లు బిగువును కొలిచేది పౌండ్లలో. మెట్రిక్ పద్ధతి వచ్చి ఇన్నేళ్లయినా ఈ రెండూ మైదానం వదలలేదు.

వెదురు నుంచి కార్బన్ దాకా

భారత ఆర్చరీ సమాఖ్య 1973లో ఏర్పడింది. ఒలింపిక్స్‌లో మన ఆర్చర్లు మొదట ఆడింది 1988 సియోల్‌లో. దేశంలో చాలామంది పిల్లలకు ఈ ఆట పరిచయమయ్యేది ఇండియన్ రౌండ్‌తో, అంటే వెదురు విల్లుతో. ఆ విల్లులో బాణం పిడికి ఒక పక్కగా కూర్చుంటుంది. తాడు మాత్రం విల్లు నడిమధ్యకు లాగుతుంది. బాణం పిడిని చుట్టి వంగి వెళ్లాల్సిందే. అది ఎంత వంగాలో అంతే వంగకపోతే పక్కకు పోతుంది. అందుకే బాణం పొందికను నేర్పడానికి వెదురు విల్లును మించిన గురువు లేదని కొందరు పాతకాలపు కోచ్‌ల నమ్మకం. చెక్క, వెదురు బాణాలు తేమకు వంకర పోతాయి కాబట్టి అదే విల్లు ఓపికకు పరీక్ష కూడా.

విజయవాడలో ఈ ఆటకు ఊపు తెచ్చింది చెరుకూరి సత్యనారాయణ కుటుంబం. కొడుకు లెనిన్ ఆర్చర్‌గా, కోచ్‌గా పేరు తెచ్చుకుని 2010లో రోడ్డు ప్రమాదంలో పోయాడు. అంతకు ముందే కూతురు వోల్గా కూడా ప్రమాదంలోనే పోయింది. ఆమె పేరు మీద నడుస్తున్న వోల్గా ఆర్చరీ అకాడమీ ఎందరినో మైదానానికి తెచ్చింది. బొమ్మదేవర ధీరజ్ మొదటి పాఠాలు అక్కడివే. తరవాత సైన్యపు క్రీడా సంస్థలో రాటుదేలి 2024 పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు. వెన్నం జ్యోతి సురేఖ బెజవాడ పిల్లే. ఐదేళ్లు నిండకముందే కృష్ణ నదిని ఈదిన అమ్మాయిగా మొదట వార్తలకెక్కింది. తరవాత కాంపౌండ్ విల్లు పట్టి 2017లో అర్జున అవార్డు, 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చింది.

ఈ ఇద్దరి పేర్లు పక్కపక్కన చెప్పడం పరిపాటి. కానీ మన ప్రశ్నకు వాళ్లిద్దరివీ వేర్వేరు లోకాలు. ధీరజ్‌ది రికర్వ్: వేళ్లతో లాగి, ఆ బిగువంతా గురి చూసినంతసేపూ మోసే విల్లు. సురేఖది కాంపౌండ్: కప్పీలున్న విల్లు. అమెరికాలోని మిస్సోరీకి చెందిన హోలెస్ విల్బర్ అలెన్ దీనికి 1969లో పేటెంటు పొందాడు. దీన్ని లాగేటప్పుడు మధ్యలో బరువు శిఖరానికి చేరి, చివరికి వచ్చేసరికి సుమారు మూడొంతులు తగ్గిపోతుంది. 50 పౌండ్ల కాంపౌండ్‌లో 75 శాతం తగ్గుదల ఉంటే, గురి చూసే క్షణంలో వేలి మీద ఉండేది పన్నెండున్నర పౌండ్లే. 40 పౌండ్ల రికర్వ్‌లో ఆ 40 పౌండ్లూ భుజం మీదే ఉంటాయి. మెత్తని విల్లా, బిగువు విల్లా అన్న గొడవ ప్రధానంగా రికర్వ్‌ది. బాణం పొందిక గొడవ ఇద్దరిదీ. ఈ తేడాను మరిచి మాట్లాడడం వల్లే సగం వాదనలు ఒకదానికొకటి తగలకుండా పోతున్నాయి.

బాణం లోపలి లెక్క

బాణంలో నాలుగు భాగాలు: కర్ర, అంటే షాఫ్ట్, ముందు లోహపు మొన, పాయింట్, వెనక తాడుకు తగిలే నాక్, దాని ముందు మూడు రెక్కలు, వేన్లు. కూర్చేవాడి చేతిలో ఉన్నవి షాఫ్ట్ పొడవు, గట్టిదనం, మొన బరువు, రెక్కల సైజు.

గట్టిదనాన్ని స్పైన్ అంటారు. షాఫ్ట్‌ను 28 అంగుళాల ఎడం ఉన్న రెండు ఆధారాల మీద పెట్టి, నడుమ 880 గ్రాముల బరువు వేలాడదీస్తారు. అది అర అంగుళం కుంగితే ఆ షాఫ్ట్ 500 స్పైన్. అంకె పెరిగేకొద్దీ మెత్తన. ఇది కదలని బాణం కొలత. ఎగిరే బాణం సంగతి వేరు. తాడు వెనక నుంచి తన్నగానే ముందున్న మొన బద్ధకంగా ఆగిపోతుంది, నడుమ వంగుతుంది, అటూ ఇటూ ఊగుతూ పిడిని దాటిపోతుంది. 1930లలో హిక్‌మన్, క్లాప్‌స్టెగ్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు అతివేగ ఛాయాచిత్రాలతో దీన్ని చూపించేదాకా, పిడి పక్కకు గురి పెట్టిన బాణం నేరుగా ఎలా పోతోందన్నది ఒక వింతగానే ఉండేది.

ఇందులోంచి మూడు సూత్రాలు పుడతాయి. షాఫ్ట్ కోస్తే గట్టిపడుతుంది. మొన బరువు పెంచితే మెత్తబడ్డట్టు ప్రవర్తిస్తుంది. విల్లు బిగువు పెంచినా అంతే. ఎక్స్10 లాంటి మేలురకం షాఫ్ట్‌లకు వచ్చే ఉక్కు మొనలు 120 గ్రెయిన్లుగా వస్తాయి. తోక దగ్గర గాట్లుంటాయి. పటకారుతో ఒక ముక్క విరిస్తే 110, ఇంకో ముక్క విరిస్తే 100. విరిచాక మళ్లీ అతకదు. పన్నెండు మొనలనూ ఒకేసారి విరిచేసి నాలిక కరుచుకునే వాళ్లను చూశాకనే, ముందు మూడు బాణాలతో పరీక్షించాలన్న నియమం కోచ్‌ల నోట స్థిరపడి ఉంటుంది.

బరువు తేడా ఎంత నష్టం చేస్తుంది? దీనికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. 350 గ్రెయిన్ల బాణం సెకనుకు 58 మీటర్ల వేగంతో 70 మీటర్లు పోవడానికి సుమారు 1.2 సెకన్లు పడుతుంది. ఆ లోపు భూమి దాన్ని ఏడు మీటర్లు కిందికి లాగుతుంది. గురి ఆ మేరకు ఎత్తి పెడతారు కాబట్టి అది కనిపించదు. ఇప్పుడు ఒక్క బాణం 10 గ్రెయిన్లు బరువైతే వేగం ఒక శాతం దాకా తగ్గుతుంది. పడే చోటు ఇంచుమించు 15 సెంటీమీటర్లు కిందికి జారుతుంది. 70 మీటర్ల రికర్వ్ గురిపలక వ్యాసం 122 సెంటీమీటర్లు, ఒక్కో వలయం 6.1 సెంటీమీటర్లు. అంటే రెండు వలయాలకు పైగా పోయినట్టే. అదే కాంపౌండ్‌లో బాణం సెకనుకు 85 మీటర్లు పోతుంది, దూరం 50 మీటర్లే. అక్కడ అదే 10 గ్రెయిన్ల తప్పు నాలుగు సెంటీమీటర్లకు అటూఇటూ, అంటే ఒక్క వలయం.

అర గ్రెయిన్ దాకా తూచే వాళ్లను చాదస్తులనడానికి ఈ లెక్క చాలు. ఒక గ్రెయిన్ తేడా రికర్వ్‌లో సెంటీమీటరున్నర. చెయ్యి వణుకు అంతకు ఎన్నో రెట్లు. అయినా మేటి స్థాయిలో ఆ సెంటీమీటరున్నరకు కూడా విలువ వచ్చే రోజుంటుంది. పారిస్‌లో ధీరజ్ రెండో రౌండులో కెనడా ఆర్చర్ ఎరిక్ పీటర్స్‌తో 5-5 దాకా వచ్చి ఒక్క బాణం టైబ్రేక్‌కు వెళ్లాడు. ఇద్దరూ 10 కొట్టారు. నడిబిందువుకు దగ్గరగా ఉన్నది పీటర్స్ బాణం. ఓటమికి బాణం బరువే కారణమని ఎవరూ అనలేదు, అనలేరు కూడా. కానీ 12.2 సెంటీమీటర్ల పది పాయింట్ల వలయం లోపలే గెలుపోటములు తేలిన ఆ మ్యాచ్‌ను, తూచేవాళ్లు తమ వాదానికి వాడుకోకుండా ఎలా ఉంటారు?

మూడు బడులు

మొదటి బడిని బిగువు బడి అనవచ్చు. బాణం ఎంత వేగంగా పోతే గాలికి అంత తక్కువ లొంగుతుంది. దూరం అంచనాలో, వదలడంలో చిన్న తప్పులను వేగం కొంత కప్పేస్తుంది. సన్నని బరువైన బాణం 70 మీటర్లలో గాలిని కోసుకుపోవాలంటే విల్లులో దమ్ముండాలి. అంతర్జాతీయ పురుషుల రికర్వ్‌లో 45 నుంచి 50 పౌండ్ల విళ్లు మామూలు కావడం వీళ్ల ప్రధాన సాక్ష్యం. త్వరగా బిగువు పెంచకపోతే పిల్లవాడు జాతీయ స్థాయి దూరానికి అందుకోలేడని వీళ్ల తొందర.

రెండోది మెత్తని బడి. వీళ్ల లెక్క భుజంతో మొదలవుతుంది. 40 పౌండ్లంటే 18 కిలోలు. పోటీ అర్హత రౌండులో 72 బాణాలకు 1.3 టన్నులు లాగినట్టు. రోజుకు 300 బాణాల సాధన అంటే 5.4 టన్నులు. అలిసిన భుజం ముందు ఎత్తు మారుస్తుంది, తరవాత ఆ తప్పునే అలవాటు చేసుకుంటుంది. అదే పిల్లవాడు 18 పౌండ్లతో అన్ని బాణాలు కొడితే, అలసట కాక ఒరవడి నేర్చుకుంటాడు. వీళ్ల చేతిలో ఒక బలమైన అంకె కూడా ఉంది. పారిస్ అర్హత రౌండులో మహిళల్లో మొదటి స్థానం కొరియాకు చెందిన లిమ్ సిహ్యోన్‌ది, 694 పాయింట్లతో ప్రపంచ రికార్డు. పురుషుల్లో మొదటివాడు కిమ్ వూజిన్, 686. ధీరజ్ 681తో నాలుగోవాడు. దూరం, పలక, బాణాల సంఖ్య అన్నీ ఇద్దరికీ ఒకటే. మహిళల విళ్లు సాధారణంగా పురుషులవాటి కంటే చాలా మెత్తన. బిగువే సర్వస్వమైతే ఈ అంకెలు ఇలా ఉండకూడదు. కాకపోతే మహిళలు కొట్టింది పొద్దున, పురుషులు మధ్యాహ్నం. గాలి ఒక్కలా ఉందని చెప్పలేం. ఒక్క మైదానం, ఒక్క రోజు ఫలితంతో వాదం తెగదు. పురుషుల ప్రపంచ రికార్డు 702, అమెరికా ఆర్చర్ బ్రేడీ ఎలిసన్ 2019లో కొట్టినది. రెండు రికార్డుల మధ్య తేడా ఎనిమిది పాయింట్లు. బిగువు బడి ఆ ఎనిమిదినీ చూపిస్తుంది. మెత్తని బడి, 720లో ఎనిమిదేనా అంటుంది.

మూడోది పొందిక బడి. బిగువు ఎంతన్నది వీళ్లకు రెండో విషయం. ఎంతైనా కానీ, ప్రతి బాణం పక్కబాణంలాగే ఉండాలి, విల్లు దానికి తగ్గట్టు సర్ది ఉండాలి. వీళ్ల ముఖ్య సాధనం రెక్కల్లేని బాణం. రెక్కలున్న ఆరు బాణాలతో పాటు రెక్కల్లేనివి రెండు కొడతారు. కుడిచేతి రికర్వ్ ఆర్చర్‌కు రెక్కల్లేనిది గుంపుకు ఎడమగా పడితే షాఫ్ట్ గట్టి, కుడిగా పడితే మెత్తన. రెక్కలు బాణం తప్పులను దిద్దుతాయి కాబట్టి, వాటిని తీసేస్తే అసలు రంగు బయటపడుతుంది. కాంపౌండ్‌వాళ్లు రెండు మీటర్ల దూరంలో కాగితం బిగించి, బాణం చించిన చిరుగు ఆకారం చూస్తారు. గుండ్రని చిల్లు, దాని చుట్టూ మూడు రెక్కల గీతలు పడితే బాణం నేరుగా పోయినట్టు. పక్కకు చీలితే ఏదో కుదరలేదు.

ఈ బడి వాళ్ల అలవాట్లలో నాకు బాగా నచ్చేది బాణాలకు అంకెలు వేయడం. ఒకటి నుంచి పన్నెండు దాకా రాసి, ఏ అంకె ఎక్కడ పడిందో పుస్తకంలో గుర్తు పెడతారు. వారం తిరిగేసరికి ఏడో నంబరు ఎప్పుడూ ఒక మూలకే పోతోందని తెలుస్తుంది. నాక్‌ను మూడో వంతు తిప్పి కొడతారు. మారకపోతే ఏడును సాధన సంచీలో వేసి పోటీ సంచీలోంచి తీసేస్తారు. డబ్బుతో పనిలేని పద్ధతి ఇది, కావలసింది ఓపిక. బాణం మీద ఆర్చర్ పేరో పొడి అక్షరాలో ఉండాలని ప్రపంచ ఆర్చరీ నియమాలే చెబుతాయి. ఒకే పందిలో రెండు బాణాలు దిగి, ఎవరిదన్న తగాదా కిరాతార్జునుల మధ్య యుద్ధం దాకా వెళ్లింది ఇంద్రకీలాద్రి స్థలపురాణంలోనే కదా. బెజవాడ పిల్లలకు ఈ నియమాన్ని ప్రత్యేకంగా వివరించక్కర్లేదు.

మూడు బడులను పక్కపక్కన పెడితే తేలేది ఇది. బిగువు బడి గాలికి జవాబు చెబుతుంది, గాయానికి చెప్పదు. మెత్తని బడి ఒరవడికి జవాబు చెబుతుంది గానీ మెత్తదనం ఎప్పుడు వదలాలో చెప్పడంలో తడబడుతుంది. పొందిక బడి సామానులోని తప్పును ఆటగాడి తప్పు నుంచి వేరు చేస్తుంది. అయితే ఆటగాడు కొట్టిన బాణాలు ఒకచోట గుంపుగా పడే స్థాయికి వస్తేనే ఆ పరీక్షలకు అర్థం. గుంపే లేనివాడికి రెక్కల్లేని బాణం ఏమీ చెప్పదు. మొదటి ఏడాది పిల్లల తల్లిదండ్రులు ఖరీదైన షాఫ్ట్‌లు కొని ట్యూనింగ్ చేయించడం డబ్బు పారబోయడమేనని మొహమాటం లేకుండా చెప్పవలసిన చోటు ఇదే. మేలురకం షాఫ్ట్‌లు డజను పదుల వేల రూపాయలు. పిల్లవాడు చెయ్యి సాగి రెండంగుళాలు పొడుగైతే ఆ డజను పనికిరాదు.

చేతి కూర్పా, డబ్బాలో కూర్పా

ఇప్పటి కార్బన్ షాఫ్ట్‌లు ఫ్యాక్టరీలోనే బరువు, గట్టిదనం ప్రకారం విడగొట్టి వస్తాయి. అల్యూమినియం గొట్టం మీద కార్బన్ చుట్టి, నడుమ లావుగా చివర్లు సన్నగా చేసిన ఎక్స్10 షాఫ్ట్ 1996 అట్లాంటా ఒలింపిక్స్‌తో వచ్చింది. రికర్వ్ మేటి పోటీల్లో ఇప్పటికీ దానిదే పెత్తనం. ఇంత పొందికగా వచ్చేదాన్ని ఇంట్లో మళ్లీ తూచడం ఎందుకన్న ప్రశ్నలో న్యాయముంది.

అయితే ఫ్యాక్టరీ పొందిక షాఫ్ట్ వరకే. కోత, మొన, జిగురు, రెక్క అన్నీ ఇక్కడే జరుగుతాయి. తప్పులు చేరేదీ ఇక్కడే. కోసిన అంచు చదునుగా లేకపోతే మొన వంకరగా కూర్చుంటుంది. బాణాన్ని అరచేతిలోనో రెండు చక్రాల మీదో గిరగిరా తిప్పితే మొన వణుకు కంటికి కనిపిస్తుంది. మూడు రెక్కల్లో ఒకటి ఒక డిగ్రీ పక్కకు అతికినా ఆ బాణం తన దారి తనది అంటుంది. చేతి కూర్పు పక్షం వాళ్లు చెప్పేదీ ఇదే: దుకాణంవాడు రోజుకు పది డజన్లు కూరుస్తాడు, మనం మన ఒక్క డజనే. దీనికి ఎదురుమాట, దుకాణంవాడి దగ్గర సరైన రంపం, రెక్కలు అతికించే జిగ్ ఉంటాయి, మన దగ్గర ఉండవు. కుర్రాళ్లు జిగ్ ఒకటి ఉమ్మడిగా కొనుక్కుని రెక్కలు తామే అతికించుకుని, కోత మాత్రం దుకాణానికి వదిలేయడం ఈ రెంటి మధ్య రాజీ. నా దృష్టిలో అన్నిటికన్నా తెలివైనది కూడా అదే.

డెల్టా ఎండ, డెల్టా తేమ

విదేశీ ట్యూనింగ్ పుస్తకాలు చల్లని దేశాల్లో రాసినవి. విజయవాడలో మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటడం మామూలు. 15 డిగ్రీల గాలితో పోలిస్తే 40 డిగ్రీల గాలి సుమారు 8 శాతం పలచన. బాణానికి అడ్డు తగ్గి 70 మీటర్లలో కొన్ని సెంటీమీటర్లు పైకి పడాలి. అదే వేడికి విల్లు రెక్కలు కొంచెం మెత్తబడతాయి, తాడు కొంచెం సాగుతుంది. ఆ రెండూ బాణాన్ని కిందికి లాగుతాయి. ఏది ఎంత నెగ్గుతుందన్నది విల్లును బట్టి. పొద్దున ఆరింటికి సర్దిన గురి పదింటికి మారడంలో ఆశ్చర్యం లేదు.

అంతకంటే కొట్టొచ్చినట్టు కనిపించేది జిగురు సంగతి. మొనలను వేడితో కరిగే జిగురుతో అతికిస్తారు, అవసరమైతే మళ్లీ వేడి చేసి తీయడానికి వీలుగా. కారు డిక్కీలో ఎండకు వదిలిన బాణాల సంచీలో ఆ జిగురు మెత్తబడుతుంది. పలకలోంచి బాణం లాగితే షాఫ్ట్ చేతికి వస్తుంది, మొన పలకలో ఉండిపోతుంది. పొద్దుటి మైదానంలో బాణాలు కొట్టే ముందు ఒక్కో మొననూ వేళ్లతో తిప్పి చూడడం ఇక్కడి ఆర్చర్‌కు అలవాటు కావాలి. చలిదేశపు పుస్తకంలో ఈ మాటకు అంత చోటుండదు.

తేమ కార్బన్‌ను ఏమీ చేయదు. వెదురు బాణానికి మాత్రం వానాకాలం శత్రువే. ఇక గాలి సంగతికి వస్తే, రికర్వ్ ఆర్చర్లు సన్నని బాణం వైపే ఉన్నారు. ఇండోర్ పోటీల్లో గాలి లేదు కాబట్టి గీత తాకే అవకాశం పెంచుకోవడానికి లావు బాణం వాడతారు, 9.3 మిల్లీమీటర్లు గరిష్ఠం. కాంపౌండ్ 50 మీటర్లలో ఈ రెంటి మధ్య బేరం నడుస్తూనే ఉంది.

తేలనివి

పిల్లల వయసుకు, బరువుకు తగిన బిగువు ఎంతన్నది అన్నిటికన్నా ముందున్న ప్రశ్న. కోచ్‌ల అనుభవం ఉంది, విదేశీ పట్టికలు ఉన్నాయి. మన పిల్లల భుజాల మీద, మన సాధన వేళల్లో వేసిన లెక్క కావాలి. ఎదిగే ఎముకల చివర్లు మూసుకోకముందు భారీ బరువు లాగించకూడదన్న దాని మీద మాత్రం ఎవరికీ పెద్దగా పేచీ లేదు. పేచీ అంతా ఆ భారీ అన్నది ఎన్ని పౌండ్ల దగ్గర మొదలవుతుందన్న దాని మీదే.

రెండోది, పొందిక ఎవరికి ఎంత మేలు చేస్తుందన్నది. 2023 ఏప్రిల్‌లో అంటాల్యా ప్రపంచ కప్ అర్హత రౌండులో సురేఖ 720కి 713 కొట్టి అప్పటి ప్రపంచ రికార్డును సమం చేసింది. 72 బాణాల్లో పోయింది ఏడే పాయింట్లు. 50 మీటర్ల దూరంలో ఎనిమిది సెంటీమీటర్ల వలయం చాలాసార్లు తప్పని చేతికి, ఒక్క బాణం నాలుగు సెంటీమీటర్లు తేడా పడితే నష్టం స్పష్టం. అదే ఒక పిల్ల 620 దగ్గరుంటే, పోయిన వందలో ఎన్ని పాయింట్లు చేతివి, ఎన్ని బాణానివి? ఈ రెంటి మధ్య గీత ఎక్కడ గీయాలో ఎవరి ఊహ వాళ్లది. అంకెలు వేసిన బాణాల పుస్తకాలు అన్ని అకాడమీల్లో పోగేస్తే కొంత తేలేది. ప్రస్తుతం ఆ పుస్తకాలు ఎవరి సంచీలో వాళ్లవే.

మూడోది కొత్తగా వచ్చి పడింది. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిశ్రమ జట్టు విభాగాన్ని చేర్చినట్టు 2025 ఏప్రిల్‌లో ప్రకటన వచ్చింది. ఇన్నాళ్లూ ఒలింపిక్స్ కావాలంటే రికర్వ్ పట్టాల్సిందేనన్న మాట పిల్లలను ఒక దారిలోకి నెట్టేది. ఇప్పుడు కప్పీ విల్లుతో భుజానికి తక్కువ భారం, గురి క్షణంలో పన్నెండు పౌండ్లు, ముందు ఒలింపిక్ ద్వారం కూడా. మెత్తని బడికి ఇది అనుకోని ఊతం. అయితే ఆ విభాగంలో దేశం తరఫున నిలబడేది ఒక పురుషుడు, ఒక మహిళ మాత్రమే. రికర్వ్‌లో వ్యక్తిగత, జట్టు విభాగాలన్నీ తెరిచే ఉన్నాయి. పదేళ్ల పిల్ల చేతిలో ఏ విల్లు పెట్టాలన్న నిర్ణయంలో ఇకపై భుజంతో పాటు ఈ చోట్ల లెక్క కూడా చూడాల్సి ఉంటుంది.